కొండల్లో మంటలకి హెలికాప్టరు పిలిస్తే సరిపోతుందా? తక్కువ ఎత్తులో నీళ్ళు పోసే పని, దాని లెక్కలు

సుబ్బు_రాయగడ
ఫిబ్రవరి దాటితే చాలు, మన దక్షిణ ఒడిశా గ్రూపుల్లో అవే వీడియోలు. నియమగిరి వైపో, దేవమాలి వైపో, మహేంద్రగిరి కిందో రాత్రిపూట కొండ అంచున ఎర్రటి గీత. కింద కామెంట్లూ అవే: "ఒక్క హెలికాప్టరు పంపలేరా?" 2014 మార్చిలో తిరుమల కొండలకి పంపారు. 2019లో బందీపూర్‌కి, 2022లో సరిస్కాకి, 2024లో నైనితాల్‌కి పంపారు. మన కొండలకి ఎందుకు కుదరదు? కుదిరినా అంత భయం దేనికి? "రిస్కండీ" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకుండా లెక్కతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

రోటర్_జయపురం
సుబ్బుగారూ, ముందు హెలికాప్టరు కింద వేలాడే నీళ్ళ బకెట్ సంగతి చూద్దాం. సగం ప్రమాదం అక్కడే ఉంది.

వాయుసేన వాడేది ఎంఐ-17 వి5. గరిష్ఠ టేకాఫ్ బరువు 13,000 కిలోలు. కింద కట్టే బాంబీ బకెట్ 3,500 లీటర్లది, అంటే నీళ్ళే మూడున్నర టన్నులు. బకెట్ అడుగున వాల్వు ఉంటుంది, పైన కంట్రోల్ హెడ్డులో సోలినాయిడ్ (కరెంటుతో కదిలే గొళ్ళెం) ఉంటుంది. పైలట్ బటన్ నొక్కితే సోలినాయిడ్ ట్రిప్‌లైన్‌ని, అంటే వాల్వుని మూసి పట్టుకున్న తాడుని, వదిలేస్తుంది, అడుగు తెరుచుకుని నీళ్ళన్నీ ఒక్కసారిగా జారిపోతాయి. బకెట్‌కి ఒక బిగింపు పట్టీ ఉంటుంది. దాన్ని బిగిస్తే పట్టే నీళ్ళు 90, 80, 70 శాతానికి తగ్గుతాయి. ఆ పట్టీ నేల మీదే బిగించుకోవాలి, గాల్లో కుదరదు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు సరిపోయిన బిగింపు మధ్యాహ్నం రెండింటికి సరిపోదు. అప్పుడు చెరువులోంచి లేవలేక అక్కడే నీళ్ళు వదిలేసి మళ్ళీ ముంచుకోవాలి. ఒకటికి రెండు ట్రిప్పులు దండగ, ఇంధనం దండగ.

ఎక్కడ తేడా కొడుతుందంటే:

కనెక్టర్‌లో తడి, దుమ్ము చేరితే బటన్ నొక్కినా వాల్వు తెరుచుకోదు. ట్రిప్‌లైన్ మెలిపడినా అంతే. అందుకే ముంచడానికి వెళ్ళేముందు ఖాళీ బకెట్‌ని నేల మీద పెట్టి రెండు మూడుసార్లు బటన్ నొక్కి చూస్తారు. హెలికాప్టరు కింద బకెట్ తగిలించే హుక్కుని కరెంటుతో వదలడం వేరుగా, చేత్తో వదలడం వేరుగా పరీక్షిస్తారు. వాల్వు మొరాయిస్తే ఆఖరి దారి బకెట్‌నే హుక్కు నుంచి వదిలేసుకోవడమే.

ఖాళీ బకెట్ నిండు బకెట్ కంటే మొండిది. నిండుగా ఉన్నది బరువుకి నిలువుగా వేలాడుతుంది. ఖాళీది వేగం పెరిగేకొద్దీ వెనక్కీ పైకీ తేలుతుంది. తాడు పొడవు తప్పుగా ఉంటే తోక రోటర్‌కి (తోక మీది చిన్న పంకాకి) అందేంత దూరం పోతుంది. అందుకే ఖాళీగా వెనక్కి వచ్చేటప్పుడు వేగానికి పరిమితి పెడతారు, తాడు పొడవు ఎంపికకి రూల్స్ ఉంటాయి. "ఖాళీగానే కదా, గబగబా వచ్చెయ్యొచ్చు" అనుకునేవాళ్ళకి ఈ ముక్క తెలీదు.

బరంపురం_మాష్టారు
రోటర్‌గారు "మధ్యాహ్నం సరిపోదు" అన్నదానికి లెక్క ఇదిగో.

గాలి వేడెక్కితే పలచబడుతుంది. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, ప్రతి వెయ్యి అడుగులకి దాదాపు 2 డిగ్రీలు తగ్గుతుంది. దానికంటే ఎంత వేడి ఎక్కువుంటే డిగ్రీకి దాదాపు 120 అడుగుల చొప్పున ఎత్తు పెరిగినట్టే లెక్క. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు.

దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, అంటే సుమారు 5,490 అడుగులు. అక్కడ ప్రామాణికంగా ఉండాల్సింది 4 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నం 30 ఉందనుకోండి. తేడా 26, గుణించు 120, అంటే 3,100 అడుగులు. మొత్తం 8,600 అడుగులు. మనిషి కంటికి అది అయిదున్నర వేల అడుగుల కొండ. ఇంజనుకీ రోటర్‌కీ మాత్రం ఎనిమిదిన్నర వేలు దాటినదే. జయపురం లాంటి 600 మీటర్ల చోట కూడా 38 డిగ్రీల ఎండలో 5,200 అడుగుల లెక్క వస్తుంది. బయల్దేరేచోటే చేతిలో ఉన్న శక్తిలో కొంత పోయిందన్నమాట.

మంట దగ్గర వేడి ఇంకా వేరు. పొగ పక్కనుంచి పోతే వేడిగాలి తగులుతుంది. ఆ క్షణంలో ఈ లెక్క కూడా తప్పుతుంది.

చింటూ_గుణుపూర్
మాష్టారూ లెక్క బాగుంది గానీ నాకు అర్థంకానిదొకటుంది. అంత ప్రమాదమైతే పైనుంచే పోసెయ్యొచ్చుగా? వెయ్యడుగుల మీదనుంచి వదిలితే నీళ్ళు కిందకే కదా వస్తాయి, ఆకాశంలో ఆగిపోవు కదా 😀

రోటర్_జయపురం
ఆగిపోవు తమ్ముడూ, కానీ మంట మీదకీ రావు. ఎక్కువ ఎత్తునుంచి వదిలితే నీళ్ళు చినుకులై, చినుకులు తుంపరై గాలికి పక్కకి పోతాయి. వేడిగాలి పైకి తోస్తుంటుంది, కొంత ఆవిరైపోతుంది. కింద ఆకు తడవదు. మరీ కిందకి దిగితే ఇంకో గొడవ: రోటర్ గాలి మంటని విసిరి కొడుతుంది, నిప్పురవ్వల్ని ఫైర్‌లైన్ (మంట ఆపడానికి ఊడ్చిన గీత) దాటించేస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే పని చెయ్యాలి. పెద్ద హెలికాప్టరుకి పొడవాటి తాడు కట్టేది ఇందుకే.

రెక్కల విమానాలకి అమెరికాలో కనీస ఎత్తు చెట్ల చివర్ల నుంచి కొలుస్తారు: చిన్న ఒంటి ఇంజను ట్యాంకరుకి 60 అడుగులు, పెద్ద ట్యాంకరుకి 150, డీసీ-10 లాంటి మరీ పెద్దవాటికి 250. అవి వదిలేది ఎక్కువగా ఎర్రరంగు కలిపిన రిటార్డెంట్, అంటే మంట పాకకుండా చేసే అమ్మోనియం ఫాస్ఫేట్ మిశ్రమం. మంట మీద పొయ్యరు, మంట ముందు గీతలా వేస్తారు. మన దగ్గర అలాంటి విమానాలు లేవు కాబట్టి పోలిక జాగ్రత్తగా చెయ్యాలి. కానీ ప్రమాదాల దర్యాప్తులు ఎక్కువ అక్కడివే. నేర్చుకోడానికి పనికొస్తాయి.

కొండవాలు
అసలు విషయానికి వద్దాం. కొండల్లో నీళ్ళు పోసే పనిలో మనుషులు పోయేది చాలావరకు పోసేముందు కాదు, పోస్తుండగా, పోశాక బయటపడే ఆ కొద్ది సెకన్లలోనే. కాబట్టి లెక్క వెనకనుంచి మొదలెట్టాలి: ముందు ఎలా బయటికి పోతాం, తర్వాత ఎక్కడ వదులుతాం, ఆఖర్న ఎటునుంచి వస్తాం. చాలామంది దీన్ని తిరగేసి ఆలోచిస్తారు.

కొండకి ఎదురుగా పైకి ఎక్కుతూ పొయ్యకూడదనేది ఇక్కడినుంచే పుట్టింది. చూడండి. నిండు బరువుతో విమానం నిమిషానికి 500 అడుగులు ఎక్కగలదనుకుందాం. వేగం సెకనుకి 70 మీటర్లు. కిలోమీటరు ముందుకి పోయేసరికి అది ఎక్కేది 36 మీటర్లు. ఎదురుగా కొండ వాలు 20 డిగ్రీలే అనుకోండి, అదే కిలోమీటరులో కొండ 360 మీటర్లు లేస్తుంది. దీంట్లో ధైర్యం గొడవ ఏమీ లేదు, జామెట్రీ మాత్రమే. అందుకే పైనుంచి కిందకి, లోయ తెరుచుకునే వైపుకి, వాలు వెంబడి దిగుతూ పోస్తారు. మూసుకుపోయిన లోయలోకి అసలు దూరరు.

రెండోది ఇంకా ముఖ్యం. బయటపడే దారి లెక్క "నీళ్ళు పడిపోయాయి, తేలికయ్యాం" అన్న నమ్మకం మీద వెయ్యకూడదు. వాల్వు తెరుచుకోలేదనుకునే వెయ్యాలి. మూడున్నర టన్నులు కిందే వేలాడుతున్నా తప్పించుకోగల దారి ఉంటేనే ఆ చోటికి వెళ్ళాలి.

బరంపురం_మాష్టారు
కొండవాలుగారి మాటకి తోకగా మలుపు లెక్క కూడా రాస్తా. రెక్కల విమానం గురించి, అర్థం చేసుకోడానికి.

మలుపు వ్యాసార్థం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 120 నాట్స్‌తో (గంటకి దాదాపు 222 కిలోమీటర్లు) 30 డిగ్రీలు వాలి తిరిగితే సముద్రమట్టం దగ్గర వెనక్కి మళ్ళడానికి దాదాపు 1,350 మీటర్ల వెడల్పు కావాలి. ఇందాకటి 8,600 అడుగుల గాలిలో వేగం చూపే మీటరు అదే 120 చూపిస్తుంది, అసలు వేగం మాత్రం 136 దాటుతుంది. వెడల్పు 1,740 మీటర్లకి పోతుంది. దాదాపు 400 మీటర్లు ఎక్కువ. ఆ మలుపుకి పట్టేది 39 సెకన్లు. ఆ 39 సెకన్లలో 20 నాట్స్ గాలి కొండవైపు తోస్తుంటే మరో 400 మీటర్లు జరిగిపోతుంది. పైనుంచి చూస్తే "చాల్లే, తిరగొచ్చు" అనిపించిన లోయ సరిగ్గా అప్పుడు ఇరుకైపోతుంది.

గట్టిగా వాల్చి తిరిగితే? 45 డిగ్రీల దగ్గర స్టాల్ వేగం (దానికి తగ్గితే రెక్కలు విమానాన్ని మొయ్యలేవు) 19 శాతం పెరుగుతుంది, 60 దగ్గర 41 శాతం. నేలకి రెండొందల అడుగుల మీద స్టాలయితే తేరుకోడానికి చోటు ఉండదు.

సుబ్బు_రాయగడ
ఇవి నిజంగా జరిగిన కేసులున్నాయా, లేక బుక్కు లెక్కలేనా?

కొండవాలు
చాలా ఉన్నాయి. దర్యాప్తులో తేలినవే రాస్తాను.

2020 జనవరి 23, ఆస్ట్రేలియా, న్యూ సౌత్ వేల్స్‌లో కూమా దగ్గర సీ-130 ట్యాంకరు. ముగ్గురు పోయారు. ట్యాంకులో కొంత వదిలి ఎడమకి తిరిగి ఎక్కుతుండగా గాలి దిశ, వేగం ఒక్కసారిగా మారాయి, వెనకగాలి పెరిగింది. మిగిలిన రిటార్డెంట్ వదిలేస్తే బరువు తగ్గేది, వదల్లేదు. విమానంలో విండ్‌షియర్ హెచ్చరిక వ్యవస్థ లేదు. అన్నిటికంటే నన్ను ఆపేది వేరే: ఆ రోజు గాలులు చూసి దారి చూపే చిన్న విమానం ఆ ప్రాంతానికి వెళ్ళనంది. అంతకుముందు అక్కడ పోసొచ్చిన 737 సిబ్బంది తాము మళ్ళీ వెళ్ళబోమన్నారు. ఆ సంగతి సీ-130 వాళ్ళకి చేరలేదు. ఒక సిబ్బంది "కాదు" అన్నప్పుడు ఆ కాదు తర్వాతి సిబ్బందికి అందే పద్ధతి ఉండాలి. లేకపోతే ఆఖరికి ఎవరో ఒకరు ఒప్పుకునేదాకా పని చేతులు మారుతూనే ఉంటుంది.

2023 ఫిబ్రవరి 6, పశ్చిమ ఆస్ట్రేలియాలో 737 ట్యాంకరు. దిగుతూ పోస్తున్నప్పుడు ఇంజన్లు ఐడిల్‌లో (అతి తక్కువ శక్తి మీద) ఉన్నాయి. జెట్ ఇంజను ఐడిల్ నుంచి పూర్తి శక్తికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సెకన్లు చాలక కొండ వెన్నుకి తగిలింది. ఇద్దరు పైలట్లూ బతికారు. అంటే కిందకి దిగుతూ పొయ్యడం మంచిదే, కానీ పవర్ తీసేసి దిగడం కాదు.

2023 జూలై 25, గ్రీసులో ఎవియా దీవి. సీఎల్-215 విమానం నీళ్ళు వదిలిన వెంటనే రెక్క చెట్టుకి తగిలింది, ఇద్దరూ పోయారు. 2021 ఆగస్టు 14న టర్కీలో బీ-200 విమానం, ఎనిమిదిమంది. 2022 అక్టోబరులో ఎట్నా వాలు మీద ఇటలీ విమానం, ఇద్దరు. మూడూ కొండ నేల మీదే.

యంత్రం పాతదయితే ఇంకో రకం. 2002లో అమెరికాలో నెల వ్యవధిలో రెండు పాత ట్యాంకర్ల రెక్కలు గాల్లోనే ఊడాయి. జూన్‌లో కాలిఫోర్నియాలో సీ-130ఏ, జూలైలో కొలరాడోలో పీబీ4వై. లోహంలో అలసట పగుళ్ళు. తక్కువ ఎత్తులో ఎగుడుదిగుడు గాలి, ప్రతి ట్రిప్పులో టన్నులకొద్దీ బరువు ఒక్కసారిగా తగ్గడం, వెంటనే లాగి ఎక్కడం... సరుకు విమానం కోసం వేసిన గంటల లెక్క ఈ పనికి పనికిరాదు.

రోటర్_జయపురం
హెలికాప్టర్ల కేసులు నేను కలుపుతా.

2008 ఆగస్టు 5, కాలిఫోర్నియాలో ఎస్-61, కొండ మీది హెలిస్పాట్ (హెలికాప్టరు దిగే చోటు) నుంచి సిబ్బందిని తీసుకుని లేస్తూ చెట్లకి తగిలి పడింది, తొమ్మిదిమంది పోయారు. ఆ హెలిస్పాట్ ఆరువేల అడుగులకి దగ్గర్లో ఉంది. దర్యాప్తులో తేలిందేంటంటే ఖాళీ బరువు తక్కువ చేసి రాశారు, పనితీరు చార్టు మార్చారు. పైలట్ కాయితం చూసుకుని సరిపోతుందనే లేచాడు. మాష్టారి లెక్క ఎంత బాగున్నా అందులో వేసే మొదటి అంకె అబద్ధమైతే అంతే సంగతులు.

2022 జూలై, ఇడాహోలో చినూక్. నదిలో బకెట్ ముంచుతుండగా కాక్‌పిట్‌లో ఒక ట్యాబ్లెట్ జారిపడి పెడళ్ళ దగ్గర ఇరుక్కుంది. ఇద్దరు పోయారు. కొండా కాదు, మంటా కాదు, జారిపోయిన ఒక పలక. తక్కువ ఎత్తులో తేరుకోడానికి చోటు లేదంటే అర్థం ఇదే. వెయ్యడుగుల మీద అయితే కంగారు పెట్టే సంగతి, ముప్పై అడుగుల మీద ప్రాణం తీస్తుంది.

ముంచేచోట ఇంకోటి: వోర్టెక్స్ రింగ్. వేగం బాగా తగ్గి, శక్తి వాడుతూ, నిమిషానికి 300 అడుగులకి మించి దిగుతుంటే రోటర్ తను తోసిన గాలినే మళ్ళీ మింగుతుంది. కలెక్టివ్ (పైకి లేపే లివరు) లాగినకొద్దీ ఇంకా వేగంగా పడుతుంది. బయటపడాలంటే ముందుకో పక్కకో జరగాలి, దానికి ఎత్తు కావాలి. చెరువు మీద ఆ ఎత్తు ఉండదు. తొందరలో గాలి వెనకనుంచి వస్తుండగా దిగడమే దీనికి పెద్ద కారణం. మంట దగ్గరి గాలి, చెరువు దగ్గరి గాలి ఒక్కటి కావు. కాబట్టి ప్రతి ముంపుకీ నీటి మీది అలలు చూసి గాలి దిశ మళ్ళీ తేల్చుకోవాలి. గాలే లేకుండా నీళ్ళు అద్దంలా ఉంటే ఇంకో తంటా, ఎత్తు ఎంతో కంటికి అంతుపట్టదు.

లైన్‌మ్యాన్_దమన్‌జోడి
వైర్ల గురించి ఎవరూ ఎత్తలేదేటి? మన జిల్లాల్లో మొదటి శత్రువు అదే.

మాచ్‌ఖండ్, బలిమెల, ఎగువ కొలాబ్, ఇంద్రావతి. ఇన్ని జలవిద్యుత్ కేంద్రాలున్న చోట హైటెన్షన్ లైన్లు లోయల మీదుగా ఒక కొండ నుంచి ఇంకో కొండకి దూకుతాయి. లోయ మధ్యలో వైరు నేలకి వంద మీటర్ల పైనే వేలాడొచ్చు. పైనుంచి చూసేవాడికి వెనక అడవి ఉంటే వైరు కనపడదు. టవర్లు కనపడతాయి, అవీ చెట్ల మధ్య. కాబట్టి వైరుని వెతక్కూడదు, టవర్ని వెతకాలి. ఒక టవరు కనిపిస్తే దాని జత ఎక్కడుందో తేలేదాకా ఆ లోయలోకి దిగకూడదు. దాటాల్సి వస్తే టవరు నెత్తి మీదుగా దాటాలి, మధ్యలోంచి కాదు. టవరు పైచివర ఎర్త్ వైరు ఉంటుంది, కరెంటు తీగలకంటే సన్నం, పైన. కింది మూడు తీగలు చూసుకుని పైకి లేచినవాడు దానికి తగులుతాడు.

హెలికాప్టరు కింద తాడూ బకెట్టూ వేలాడుతున్నాయని మర్చిపోకండి. హెలికాప్టరు దాటేసింది, బకెట్ దాటలేదు: ఇది జరుగుతుంది. కేకే (కొత్తవలస-కిరండోల్) రైలు లైను పొడవునా 25 కిలోవోల్ట్ ఓహెచ్‌ఈ, అంటే రైలు పైన కరెంటు తీగ, ఉంది. దమన్‌జోడిలో పంచపట్‌మాలి గని నుంచి కిందికి బాక్సైట్ కన్వేయరు ఉంది. పల్లెల్లో 11 కేవీ లైన్లు మ్యాపుల్లో ఉండవు.

కరెంటు ఆపించారు కదా అని వైరు మీదకి పోకూడదు. ఆపిన వైరు కూడా వైరే. ఇంకోటి, దట్టమైన పొగ లైను కిందికి చేరితే పొగలోంచి ఆర్క్ కొట్టే ప్రమాదం కింద పనిచేసేవాళ్ళకి. లైను కింద నిలబడి మంట ఆర్పొద్దు.

అడవిబాట_పర్లాకిమిడి
కింద ఉన్నవాళ్ళ వైపునుంచి చెప్తా.

నీళ్ళు పడితే చల్లగా ఉంటుందనుకుంటారు. టన్నులకొద్దీ బరువు వేగంగా వచ్చి పడితే కొమ్మలు విరుగుతాయి, కాలిన మొద్దులు కూలతాయి, వాలు మీది రాళ్ళు దొర్లుతాయి. 2018 ఆగస్టులో కాలిఫోర్నియా మెండొసీనో మంటల్లో 747 ట్యాంకరు వదిలిన రిటార్డెంట్ దెబ్బకి 87 అడుగుల చెట్టు వేళ్ళతో లేచి పడి నేల మీది అగ్నిమాపక అధికారి ఒకరు పోయారు. దట్టమైన చెట్ల వల్ల అక్కడ నేల ఎత్తుగా లేచిందని పైవాళ్ళకి కనపడలేదు. నేలకి దగ్గరగా పడిపోయింది.

కాబట్టి పొయ్యబోయే గీతలోంచి మనుషులు పక్కకి జరిగాకే "రావచ్చు" అనాలి. జరగడానికి టైం లేకపోతే: హెల్మెట్ బిగించుకుని, విమానం వచ్చేవైపుకి తల పెట్టి బోర్లా పడుకోవాలి. గట్టిగా పాతుకున్నదేదైనా పట్టుకోవాలి. చేతిలో కత్తీ గొడ్డలీ ఒంటికి దూరంగా, వాలుకి కింది పక్కన పెట్టాలి. ఎండు మాను కింద మాత్రం వద్దు.

మాట అందడం ఇంకో సమస్య. అటవీశాఖ చేతిసెట్లు ఎఫ్‌ఎం వీహెచ్ఎఫ్. విమానాల వీహెచ్ఎఫ్ ఏఎం, 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య. ఒకటి ఇంకోదానితో మాట్లాడదు. బయల్దేరేముందే అడవి దారులు తెలిసిన ఒక మనిషిని డిపార్టుమెంటు సెట్టుతో హెలికాప్టరులో కూర్చోబెట్టాలి, లేదా విమానాలతో మాట్లాడే ఎయిర్‌బ్యాండ్ సెట్టొకటి కింద ఉండాలి. రెండూ లేకపోతే ఎవరు ఎక్కడున్నారో తెలీకుండా పొయ్యడమే.

జీపీఎస్ అంకెలు చెప్పడంలో కూడా. ఫోన్లో 18.40.50 అని రాసి పంపితే ఒకరు 40 నిమిషాలు 50 సెకన్లు అనుకుంటారు, ఇంకొకరు 40.50 నిమిషాలు అనుకుంటారు. రెండోది అంటే 40 నిమిషాల 30 సెకన్లు. తేడా 20 సెకన్లు, నేల మీద 600 మీటర్ల పైమాటే. ఆ 600 మీటర్లలో వేరే లోయ ఉండొచ్చు, లేదా మన బీట్ గార్డులు ఉండొచ్చు. ఏ పద్ధతో ముందే ఒక్కటి ఖాయం చేసుకుని, అంకెలు చదివి వినిపించి, తిరిగి చెప్పించుకోవాలి.

చింటూ_గుణుపూర్
ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటే వస్తుందిగా మరి? వచ్చినా పనికిరాదనేవాళ్ళు కూడా ఉన్నారు, అదే అర్థంకాదు.

అడవిబాట_పర్లాకిమిడి
పనికిరాదు అని కాదు నాయనా, ఎక్కడ పనికొస్తుందన్నది. మన సాల అడవిలో, టేకు అడవిలో మంట చెట్టు చివర్లకి పోదు. నేల మీద రాలిన ఆకులో పాకుతుంది, మోకాలెత్తు. పైన కొమ్మలు, మిగిలిన ఆకులు సగం నీళ్ళు ఆపేస్తాయి. మంటని ఆపేది కింద ఆకు ఊడ్చిన గీత. బ్లోయర్ (ఆకులు ఊదేసే యంత్రం) పట్టుకుని నలుగురు నడిస్తే గంటలో మంచి పొడవు ఊడుస్తారు, ఎదురుమంట పెట్టే అవకాశం కూడా ఉంటుంది. 2021లో సిమిలిపాల్ తగలబడినప్పుడు కూడా నేల మీది దళాలూ బ్లోయర్లే పని ఎక్కువ చేశాయి.

హెలికాప్టరు లెక్క చూడు. చెరువు మంటకి 25 కిలోమీటర్లు అనుకో. బరువుతో గంటకి 120 కిలోమీటర్లు, ఖాళీగా 130. పోను రాను 24 నిమిషాలు, ముంచడం పొయ్యడం 4. గంటకి రెండే ట్రిప్పులు, 7,000 లీటర్లు. ఒకటిన్నర ఫైరింజన్ అంతే. మధ్యలో ఇంధనం కోసం పోతే అదీ లేదు. మంట అప్పటికి ఎక్కడికో పోయుంటుంది.

రోటర్_జయపురం
ఇక్కడ నేను ఒప్పుకోను. దేవమాలి నెత్తి మీద గడ్డి, చెట్లు లేవు. అక్కడ నీళ్ళు నేరుగా మంట మీద పడతాయి. నిట్టనిలువు వాలు మీద బ్లోయరుతో మనిషి నిలబడలేడు. గడ్డిమంట పైకి పరిగెత్తే వాలు మీద మనుషుల్ని పై గట్టున నిలబెడితే వాళ్ళ ప్రాణాలే పోతాయి. ఊరి అంచుకి మంట వస్తున్నప్పుడు కూడా రెండు ట్రిప్పులు చాలా పని చేస్తాయి. కాబట్టి ఎక్కడ అనేదే ప్రశ్న. మొత్తానికి వద్దనడం సరికాదు.

అడవిబాట_పర్లాకిమిడి
గడ్డి గట్లూ, ఊరి అంచులూ వరకు ఒప్పుకుంటా. అది కూడా నేల మీద వెంటనే పోయి ఆర్పేవాళ్ళుంటేనే. నీళ్ళు పడ్డాక పావుగంటలో మనిషి చేరకపోతే ఆరిన ఆకు కింద నిప్పు మళ్ళీ లేస్తుంది. మంట చల్లారడం వేరు, ఆరడం వేరు.

కొండవాలు
టైం గురించి ఒక్క మాట. పొద్దున్నే పొగ లోయల్లో చేరి కదలదు, ఏడెనిమిది దాకా ఏమీ కనపడదు. ఎండ ఎక్కాక గాలి వాలు వెంబడి పైకి వీస్తుంది, పొగ తేలుతుంది, చూపు బాగుంటుంది. మాష్టారి వేడి లెక్క కూడా అప్పటికింకా ముదరదు. కాబట్టి తొమ్మిది నుంచి పన్నెండు దాకా మంచి వేళ. మధ్యాహ్నం వేడి, సుడిగాలులు. కొండకి గాలి మరుగు వైపు గాలి కిందకి తోస్తుంది, కంటికి ఏమీ కనపడదు, అక్కడ ఎక్కే శక్తి చాలదు. కొండ వెన్ను దాటాల్సి వస్తే నేరుగా కాక ఏటవాలుగా, 45 డిగ్రీలకి దగ్గరగా పోవాలి. గాలి తోసేస్తే సగం మలుపుతో లోయవైపుకి జారిపోవచ్చు. ఇక ఏప్రిల్, మే సాయంత్రాలు కాలబైశాఖి (ఉరుములు, ఈదురుగాలులతో వచ్చే వాన). మబ్బు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్నా దాని ముందు గాలి వచ్చేస్తుంది. ఆ గాలితో మంట దిశ కూడా తిరుగుతుంది. పైవాళ్ళకీ కిందవాళ్ళకీ ఒకేసారి ప్రమాదం.

పొగ స్తంభంలోకి దూరడం మాత్రం ఎవరికీ ఎప్పుడూ వద్దు. చూపు పోతుంది, వేడిగాలి విసురుతుంది, ఇంజను బూడిద మింగుతుంది. పొగ అవతల ఇంకో హెలికాప్టరు ఉండొచ్చు. 2023 ఆగస్టు 6న కాలిఫోర్నియాలో మంట పని మీదున్న రెండు హెలికాప్టర్లే ఒకదానికొకటి తగిలాయి, బెల్ 407లో ఉన్న ముగ్గురూ పోయారు. అక్కడ పద్ధతి ఉండీ జరిగింది: మంటకి 12 నాటికల్ మైళ్ళ దూరంలో రేడియోలో పలకరించాలి, జవాబు రాకపోతే 7 మైళ్ళ దగ్గరే ఆగి తిరగాలి.

చింటూ_గుణుపూర్
డ్రోన్‌తో పైనుంచి మంట ఎక్కడుందో వీడియో తీసి పెడితే సాయమవుతుందా? మనోళ్ళ దగ్గర రెండు మూడు ఉన్నాయి.

రోటర్_జయపురం
హెలికాప్టరు రాకముందు, డీఎఫ్ఓ (అటవీ డివిజన్ అధికారి) అడిగితే, రాసిచ్చిన అనుమతితో. హెలికాప్టరు గాల్లో ఉందంటే ఒక్కటి కూడా లేవకూడదు. 2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్‌లో ఎవరిదో డ్రోన్ నీళ్ళు పోసే సీఎల్-415 విమానం రెక్కకి తగిలి రంధ్రం పడింది. మంటలు ఊళ్ళని తింటున్న రోజున ఆ విమానం నేల మీద కూర్చుంది. పైలట్‌కి డ్రోన్ కనపడదు, మీకు విమానం కనపడేసరికి డ్రోన్ దించే టైం ఉండదు. మంట ఎక్కడుందో ఫారెస్ట్ సర్వే వాళ్ళ ఉపగ్రహ హెచ్చరికలు ఎస్సెమ్మెస్‌లో వస్తాయి, వాటికి పేరు నమోదు చేసుకోండి. ఆ ఉపగ్రహాల్లోని వీఐఐఆర్ఎస్ సెన్సరు చూపే ఒక్కో చుక్క 375 మీటర్లది. అంటే చుక్క పడినచోటే మంట ఉందని కాదు, ఆ చుట్టుపక్కల ఉందని.

సుబ్బు_రాయగడ
అందరికీ ధన్యవాదాలు. చివరిగా ఒకటి. మా వైపు బడానాల, గజపతిలో హరభంగి, ఇటు ఎగువ కొలాబ్, జోలాపుట్ జలాశయాలు ఉన్నాయి. వేసవి ముందే మనలాంటివాళ్ళు నీళ్ళచోట్ల గురించి ఏమైనా రాసి అటవీశాఖకి ఇవ్వొచ్చా? ఏం రాయాలి?

రోటర్_జయపురం
ఇవ్వొచ్చు, పనికొస్తుంది. ప్రతి నీళ్ళచోటికీ ఇవి రాయండి.

ఏప్రిల్ నెలలో లోతు ఎంత. జనవరి లోతు ఎందుకూ కొరగాదు. పెద్ద బకెట్ మునగాలంటే రెండున్నర మీటర్లుంటే నిశ్చింత. నీళ్ళ కింద మునిగిన మోళ్ళు, పాత చెట్లు ఎటువైపు ఉన్నాయి. జాలర్లని అడిగితే ఒక్క మాటలో చెప్తారు, వలలు చిక్కుకునేది వాళ్ళకే. చేపల పంజరాలు, కట్టిన తాళ్ళు, బోట్లు తిరిగే దారి. ఒడ్డున చెట్ల ఎత్తు, ఏ వైపు తెరిపిగా ఉంది: బరువుతో లేచేది ఆ వైపుకే. రెండు కిలోమీటర్ల లోపల ఏ కరెంటు లైను ఎటునుంచి ఎటు పోతోంది, టవర్ల అంకెలతో సహా. ఒడ్డుకి ఇంధనం బండి వచ్చే దారుందా, హెలికాప్టరు దిగేంత గట్టి నేలుందా, అక్కడ దుమ్ము ఎంత. మనుషులు బట్టలు ఉతికే రేవు, పశువులు దిగే రేవు కూడా. బకెట్ ముంచేటప్పుడు వచ్చే గాలికి రేకులు లేస్తాయి.

లైన్‌మ్యాన్_దమన్‌జోడి
టవర్ల అంకెలు టవరు కాలు మీద ప్లేటుకి రాసుంటాయి, ఫోటో తీస్తే చాలు. ప్లేటు లేకపోతే జీపీఎస్ తీసుకోండి, అడవిబాటగారు చెప్పిన పద్ధతిలో. కొత్తగా వేస్తున్న లైన్లకి టవర్లు నిలబడి తీగలు ఇంకా లాగకపోతే అది కూడా రాయండి. మార్చిలో ఖాళీ టవర్లు ఉన్నచోట మే నాటికి తీగ ఉంటుంది.